రొయ్యల బోటులో వచ్చిన ఈ గుల్ల ఏ నత్తది?

ఒంగోలు_టు_కొల్లం
మావారి ఉద్యోగం వల్ల రెండేళ్లుగా కొల్లంలో ఉంటున్నాం. ఇక్కడ శక్తికుళంగర హార్బర్‌కి లోతు సముద్రపు రొయ్యలు పట్టే బోట్లు వస్తాయి. రొయ్యలు ఏరుకున్నాక మిగిలిన కుప్పలో పీతలు, నక్షత్ర చేపలు, గుల్లలు పడి ఉంటాయి. నిన్న అందులోంచి ఒక గుల్ల అడిగి తెచ్చుకున్నా. కదురులాగా రెండు కొనలూ సన్నగా ఉన్నాయి. లేత గోధుమ రంగు. ప్రతి చుట్టుకీ మధ్యలో పూసలు గుచ్చినట్టు ఒక వరస. పొడవు 62 మి.మీ. లోపల సన్యాసి పీత ఉంది, అప్పటికే చచ్చిపోయింది. 170 మీటర్ల లోతులో పడిందని కళాసీ చెప్పాడు. ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే ఒకసారి టురిటెల్లా అంది, ఒకసారి ఫ్యూసినస్ అంది, ఇంకోసారి టిబియా అంది. రాత్రంతా ఇదే ఆలోచన, నిద్ర పట్టలేదు. ఫొటోలు మూడు పెట్టాను, తెలిసినవాళ్లు చెప్పండి.

పసుపుగవ్వ
టురిటెల్లానే. ఇలాంటివి మా ఇంట్లో డజను ఉన్నాయి, అన్నీ బీచ్‌లో ఏరినవే.

నత్తనడక
టురిటెల్లా కాదండి. దాని నోరు గుండ్రంగా ఉంటుంది, కింద తోక ఉండదు. ఈ గుల్లకి నోటి కింద నుంచి పొడుగ్గా ఒక గాడి దిగింది చూడండి. నత్త ఆ గాడిలోంచి తన గొట్టాన్ని చాపి నీళ్ల వాసన పడుతుంది. అది అంత పొడుగ్గా ఉందంటే వేటాడే నత్తల వైపు వెతకాలి. టిబియా కూడా కాదు. ఎదిగిన టిబియాకి పెదవి (గుల్ల నోటి బయటి అంచు) మీద వేళ్లలా ముళ్లు పొడుచుకొని ఉంటాయి, ఇక్కడ అలాంటివేమీ లేవు. ఇక మిగిలింది ఫ్యూసినస్. దాని సంగతి మంచి ఫొటో చూశాకే చెప్పగలను.

డల్లాస్_శ్రీను
అందరూ ఒక సంగతి వదిలేశారు! రెండో ఫొటోలో నోరు ఎడమ వైపు ఉంది. ఎడమ చుట్టు గుల్ల చాలా అరుదు. అక్కా, ఎవరికీ ఇవ్వకండి, జాగ్రత్తగా దాచండి.

పసుపుగవ్వ
అంటే దక్షిణావర్త శంఖం లాంటిదా? మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒకరింట్లో పూజలో ఉండేది.

భీమిలి_మాస్టారు
ఈ కుడి ఎడమల దగ్గర మన వాడుక, జంతుశాస్త్రం వాడుక ఎదురెదురుగా ఉంటాయి. మొన పైకి, నోరు మన వైపు పెట్టి పట్టుకున్నప్పుడు నోరు మన కుడి చేతి వైపు ఉంటే శాస్త్రం దాన్ని కుడి చుట్టు అంటుంది. మామూలు శంఖాలు, నత్తల్లో అత్యధిక భాగం ఇలాగే ఉంటాయి. మనం దక్షిణావర్తం, వలంపురి అని పూజించే అరుదైన శంఖం శాస్త్రం లెక్కలో ఎడమ చుట్టు. 35 ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పాను, ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు ఇక్కడ తికమకపడేవాళ్లు. లోతు నీళ్ల నత్తల్లో ఎడమ చుట్టు రకాలు లేకపోలేదు. కాబట్టి శ్రీను గారి మాటను వెంటనే కొట్టిపారేయలేం.

కాకినాడ_గొట్టంకాజా
మాస్టారూ, ఆ ఫొటోలో గుల్ల పక్కన పెట్టిన స్కేలు చూడండి. దాని మీద అంకెలు కూడా ఎడమ చుట్టే తిరిగాయి 😀

ఒంగోలు_టు_కొల్లం
అయ్యో! అది సెల్ఫీ కెమెరాతో తీసింది. ఒక చేత్తో గుల్ల, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్నా. తిప్పి చూస్తే నోరు కుడి వైపే ఉంది.

డల్లాస్_శ్రీను
ఐదు నిమిషాలు ఎంత సంతోషపడ్డానో! పర్లేదు అక్కా, గుల్ల మాత్రం బాగుంది.

నత్తనడక
వెనక కెమెరాతో ఇంకో నాలుగు ఫొటోలు కావాలి. ఒకటి, నోరు మన వైపు ఉండేలా. రెండోది వీపు. మూడోది మొన మాత్రమే, ఎంత దగ్గరికి వస్తే అంత దగ్గర నుంచి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. గదిలో లైటు ఆపి, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా కొట్టి, పెదవి దగ్గరి ఆఖరి చుట్టు తీయండి. గుల్ల మీద సన్నటి నిలువు గీతలు కనిపిస్తాయి. అవే మనకు సాక్ష్యం.

ఒంగోలు_టు_కొల్లం
పెట్టాను. మొన విరిగిపోయి ఉంది, అది నేను తెచ్చేసరికే అలా ఉంది. పెదవికి పై భాగంలో ఒక గాటు ఉంది. సన్నగా, గోరు దూరేంత. ముందు దాన్ని గమనించలేదు.

హార్బర్_రాజు
ఆ గాటు వల వల్ల పడింది. మా నాన్న బోటు మీద చిన్నప్పటి నుంచి చూస్తున్నా. వల పైకి లాగేటప్పుడు రాళ్లూ గుల్లలూ ఒకదానికొకటి కొట్టుకుంటాయి, పెదవి పలచగా ఉన్నవన్నీ చిట్లిపోతాయి. దాన్ని చూసి పేరు పెట్టకండి.

నత్తనడక
రాజు గారి అనుమానం సరైనదే, పెదవి చిట్లిన గుల్లలు నేనూ వందల్లో చూశాను. అందుకే ఆ టార్చి ఫొటో అడిగాను. గుల్ల పెదవి అంచునే పెరుగుతుంది. పెదవి ఆకారం ఎప్పుడు ఎలా ఉంటే ఆ గీత గుల్ల మీద అలాగే మిగిలిపోతుంది. గాటు నిన్న వలలో పడిందైతే వెనకటి గీతలు నేరుగా దిగాలి. ఇక్కడ వీపు మీద, అంతకు ముందు చుట్టు మీద, ఆ పై చుట్టు మీద కూడా ప్రతి గీతా ఒకే చోట వెనక్కి వంగి మళ్లీ ముందుకు వస్తోంది. అంటే ఈ నత్త బతికినంత కాలం పెదవికి ఆ గాటు ఉంది. శరీరంలో వాడేసిన నీళ్లు, మలినం బయటికి పోవడానికి అది దారి. ఫ్యూసినస్‌కి ఇలాంటి గాటు ఉండదు, కాబట్టి అదీ పోయింది.

ఇక మిగిలింది పాతవాళ్లు టురిడ్‌లు అని పిలిచే గుంపు. ఇందులో గాటు ఉందా లేదా అన్నదాని కంటే అది ఎక్కడ ఉంది అన్నదే పెద్ద ప్రశ్న. గీతలు వంగే చోట పూసల వరస ఉందా, ఆ వరసకు పైన ఉన్న పల్లంలో వంగుతున్నాయా? భూతద్దం ఉంటే చూసి చెప్పండి.

ఒంగోలు_టు_కొల్లం
మా అత్తయ్య గారు సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దంతో చూశాం, ఇద్దరం చూశాం. సరిగ్గా పూసల మీదే వంగుతున్నాయి. ఒక్కో పూస పాత గాటు ముగిసిన చోటులా కనిపిస్తోంది.

నత్తనడక
అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి. జెమ్యులా ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) అంటాను. లాటిన్‌లో ఆ మాటకు చిన్న మొగ్గ, చిన్న మణి అని అర్థం, మీ పూసల వరసకు సరిపోయింది. కుటుంబం టురిడే.

హార్బర్_రాజు
మా వైజాగ్ వలల్లో అచ్చం ఇలాంటి కదురు గుల్లలు గంపలు గంపలు పడతాయి. ముదురు గోధుమ రంగు, బుడిపెలు ఉంటాయి. అవన్నీ జెమ్యులాలేనా?

నత్తనడక
మీరు చెప్పేది చాలావరకు టురిక్యులా జవానా అయి ఉంటుంది. తూర్పు తీరంలో ట్రాల్ వలల్లో బాగా పడుతుంది, అంత లోతుది కాదు. దాన్ని టార్చి వెలుగులో చూడండి, గీతలు బుడిపెల మీద వంగవు. బుడిపెలకు పైన భుజంలా ఉన్న ఏటవాలు పల్లంలో వంగుతాయి. దూరం నుంచి రెండూ కవలల్లా ఉంటాయి. గాటు చోటు చూస్తే వేరే ఇళ్లవని తెలుస్తుంది.

హార్బర్_రాజు
ఇప్పుడే ఇంటి ముందు పడేసిన వాటిలో ఒకటి తీసి చూశా. పల్లంలోనే వంగుతున్నాయి! ఇన్నేళ్లు కాళ్ల కింద తొక్కుకుంటూ తిరిగాం. గాటు గురించి నేను ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

రాడ్యులా_రమ
కొచ్చిలో రీసెర్చ్ చేస్తున్నా, నత్తల మీదే. ప్రజాతి వరకు నత్తనడక గారితో ఏకీభవిస్తాను. అక్కడ ఆగిపోదాం అని నా మనవి. జాతి పేరు మాత్రం ఈ గుల్లతో తేలదు.

కారణం మొన. గుల్ల కొనలో నత్త పిల్లగా ఉన్నప్పుడు కట్టుకున్న మొదటి చుట్లు ఉంటాయి, ప్రోటోకాంక్ అంటాం. సన్నటి చుట్లు ఎక్కువగా ఉంటే ఆ పిల్ల సముద్రంలో తేలుతూ, తింటూ కొన్నాళ్లు తిరిగిందని అర్థం. ఒకటి రెండు చుట్లే ఉండి ఉబ్బుగా ఉంటే అది అంత దూరం తిరగలేదని అర్థం. పెద్దయ్యాక ఒకేలా కనిపించే రెండు జాతులు ఇక్కడ విడిపోతాయి. నేనే ఒకసారి ఒకే రకం అనుకొని ఒకే సీసాలో వేసిన గుల్లల్ని మైక్రోస్కోప్ కింద పెడితే రెండు రకాల మొనలు కనిపించాయి. మూడు వారాల పని మళ్లీ మొదటి నుంచి చేశాను.

పైగా టురిడ్‌లు ఒకప్పుడు ఏది పడితే అది వేసే గోనెసంచిలా ఉండేవి. 2011లో బుషే, కాంటర్ అనే శాస్త్రవేత్తల బృందం డీఎన్‌ఏ చూసి, వీటి చుట్టాలైన కోన్ నత్తలతో సహా ఆ మొత్తం గుంపును 15 కుటుంబాలుగా సర్దారు. రాజు గారి టురిక్యులా ఇప్పుడు టురిడేలో లేదు, క్లావాటులిడేలో ఉంది. జెమ్యులా టురిడేలోనే ఉన్నా, ఆ పేరు కింద ఉన్నవన్నీ ఒకే కొమ్మవి కావని డీఎన్‌ఏ చెబుతోంది. రేపు ఈ పేరు కూడా మారొచ్చు.

డల్లాస్_శ్రీను
నా దగ్గర ఇలాంటిదే ఒకటి ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నా, చీటీ మీద జాతి పేరు పూర్తిగా ఉంది, జెమ్యులా స్పెసియోసా అని. ఫొటో పక్కన పెట్టి చూస్తే అక్కది కూడా అదే. ఇంత చర్చ ఎందుకు?

రాడ్యులా_రమ
ఆ చీటీ మీద ఎక్కడ దొరికిందో, ఎంత లోతో ఉందా?

డల్లాస్_శ్రీను
"ఆసియా" అని ఉంది.

కాకినాడ_గొట్టంకాజా
మా ఊరి కాజా డబ్బా మీద కూడా ఇంతకన్నా ఎక్కువ అడ్రస్ ఉంటుంది శ్రీను అన్నా.

భీమిలి_మాస్టారు
రమ గారూ, ఒక్క విషయంలో మీతో విభేదిస్తాను. గుల్ల చూసి వర్గీకరించే రోజులు పోయాయన్న ధ్వని మీ మాటల్లో వినిపించింది. భూమి పొరల్లో దొరికే శిలాజ నత్తలకు మిగిలేది గుల్ల ఒక్కటే. వాటికి డీఎన్‌ఏ ఎక్కడ తెస్తాం? గుల్లను చదవడం మానేస్తే ఆ చరిత్ర అంతా మూగబోతుంది. ఈ అమ్మాయి ఒక భూతద్దంతో టురిటెల్లా నుంచి జెమ్యులా దాకా వచ్చింది. అది చిన్న సంగతి కాదు.

ఇంకో మాట. ఈ నీళ్లలోని లోతు నత్తలకు మొదట పేర్లు పెట్టింది గుల్లలు చూసే. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ 1880ల నుంచి బంగాళాఖాతం, అరేబియా సముద్రం అడుగు గాలించింది. 1888లో ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ అనే డాక్టరు ప్రకృతి పరిశీలకుడిగా ఆ ఓడ ఎక్కాడు. ఓడలో దొరికిన గుల్లల్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఎడ్గర్ స్మిత్ పరిశీలించి వర్ణించాడు. 1894లో ఆయన పేరు పెట్టిన ప్లూరోటోమా కంజెనర్‌నే తర్వాత జెమ్యులా కంజెనర్ అన్నారు. అమ్మాయి గుల్లకు ముందు పోల్చి చూడాల్సిన పేర్లలో అదొకటి. అన్నట్టు, కొల్లం బోట్లు తెచ్చే ఎర్ర రొయ్యల్లో ఒకదాని శాస్త్రీయ నామం అరిస్టియస్ ఆల్కాకీ. ఆ డాక్టరు పేరే.

ఒంగోలు_టు_కొల్లం
రెడ్ రింగ్ అంటారే, అదా మాస్టారూ? మొన్ననే ఇగురు చేశాం!

భీమిలి_మాస్టారు
అదేనమ్మా.

రాడ్యులా_రమ
మాస్టారూ, నా మాట అలా ధ్వనిస్తే క్షమించండి. గుల్ల అక్కర్లేదని నేను అనలేదు. డీఎన్‌ఏ ఎప్పుడూ జాతుల్ని విడగొడుతుందని కూడా అనుకోవద్దు. లోతు నీళ్లలో ఉండే క్రిప్టోజెమ్మా అనే దగ్గరి ప్రజాతి మీద 2020లో వచ్చిన పరిశోధనలో తిరగబడింది. గుల్లలు తేడాగా ఉన్నాయని వేర్వేరు పేర్లు పెట్టినవి రెండు మహాసముద్రాల్లోనూ ఒకే జాతి అని తేలి, పేర్లు కలిపేయాల్సి వచ్చింది. గుల్ల ఒక్కోసారి తేడాను దాస్తుంది, ఒక్కోసారి లేని తేడాను చూపిస్తుంది. అందుకే ఒక్క గుల్ల, అదీ మొన విరిగింది, దాని మీద జాతి పేరు రాయడం నాకు మనస్కరించదు.

నత్తనడక
ఇందులో నేను రమ గారి వైపే. ఇరవై ఏళ్ల కింద నేను ధైర్యంగా రాసిన చీటీలు సగం ఇప్పుడు దిద్దుకుంటున్నా. అయితే స్పెసియోసా, కంజెనర్ రెండు పేర్లనూ "పోల్చి చూడాలి" అని చీటీ వెనకాల పెన్సిల్‌తో రాసుకోవచ్చు. రేపు చూసేవాళ్లకు అదొక దారి.

పసుపుగవ్వ
కోన్ నత్తల చుట్టాలు అన్నారు. అవి విషం కదా? ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే ఈ గుల్ల పెట్టుకోవచ్చా?

రాడ్యులా_రమ
ఖాళీ గుల్లతో ఏ భయమూ లేదు. విషం, దాన్ని గుచ్చే పన్ను నత్త ఒంట్లో ఉంటాయి, గుల్లలో కాదు. జెమ్యులాలు సముద్రపు పురుగుల్ని వేటాడతాయి. ఆ విషాలు మందులకు కూడా పనికొస్తాయి. కోనస్ మాగస్ అనే కోన్ నత్త విషం నుంచి వచ్చిన జికోనోటైడ్‌కు తీవ్రమైన నొప్పి తగ్గించే మందుగా 2004లో అమెరికాలో అనుమతి దొరికింది. బతికున్న కోన్ నత్తను మాత్రం చేత్తో పట్టుకోకూడదు, కొన్ని రకాలు ప్రాణం తీస్తాయి.

డల్లాస్_శ్రీను
ఇది ఇంట్లో పెట్టుకోవడం చట్టప్రకారం తప్పు కాదు కదా? ఇండియాలో కొన్ని గుల్లల మీద నిషేధం ఉందని విన్నా.

నత్తనడక
మంచి ప్రశ్న. 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాల్లో 24 రకాల గుల్లజీవుల్ని చేర్చారు. కోనస్ మిల్నెఎడ్వర్డ్సీ, ట్యూడిక్లా, నాటిలస్, కొమ్ము కాసిస్ లాంటివి అందులో ఉన్నాయి. మన టురిడ్ ఆ జాబితాలో లేదు. కానీ లోతు బోట్ల కుప్పల్లో ఏది చేతికొస్తుందో చెప్పలేం, కాబట్టి ఏరేవాళ్లకు ఆ జాబితా కంఠతా వచ్చి ఉండాలి. పేరు గుర్తుపట్టడం సరదా కోసమే కాదని అందుకే అంటాను.

ఒంగోలు_టు_కొల్లం
ఒక డౌట్. గుల్లకి బురద పట్టి ఉంది. నిమ్మకాయతో తోమితే మెరుస్తుందని మా పక్కింటావిడ చెప్పింది.

నత్తనడక
వద్దు వద్దు! గుల్ల అంతా సున్నమే. నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్, ఏది తగిలినా పైపొర కరిగిపోతుంది. మనం చూసిన ఆ సన్నటి గీతలే ముందు పోతాయి. మంచినీళ్లు, మెత్తటి టూత్ బ్రష్ చాలు. వార్నిష్ కూడా వేయొద్దు.

దాచే పెట్టె సంగతి కూడా చెబుతా, నాకు గుండె కోత మిగిల్చింది ఇదే. మా నాన్నగారి కాలం నాటి చెక్క బీరువాలో పన్నెండేళ్లు దాచిన గుల్లల మీద తెల్లటి బూజులాంటి పొడి పట్టింది. బూజు అనుకొని తుడిచాను, మళ్లీ వచ్చింది. కొన్ని రకాల చెక్క, చవక అట్టపెట్టెల్లోంచి వచ్చే యాసిడ్ ఆవిరి గుల్లను తినేయడం అది. 1899లో బైన్ అనే ఆయన దీని గురించి రాశాడు, అందుకే బైన్ జబ్బు అంటారు. తేమ ఉన్న ఊళ్లలో ఇంకా తొందరగా వస్తుంది. ఉప్పు పోయేలా నానబెట్టి, బాగా ఆరబెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

హార్బర్_రాజు
అక్కా, మీ కళాసీ 170 అన్నాడు కదా, మీటర్లా బారలా? మా వాళ్లు లోతు ఎప్పుడూ బారల్లోనే చెబుతారు. 170 మీటర్లలో ఆ ఎర్ర రొయ్యలు పడతాయంటే నాకు నమ్మకం కుదరట్లేదు.

రాడ్యులా_రమ
ఇది చాలా పెద్ద ప్రశ్న! ఒక బార అంటే సుమారు 1.83 మీటర్లు. 170 బారలైతే 311 మీటర్లు. చీటీ మీద రెంటికీ చాలా తేడా. కొల్లం వైపు లోతు రొయ్యల వేట ఎక్కువగా 200 మీటర్లు దాటాకే జరుగుతుంది. వీలైతే మళ్లీ అడిగి రండి. సన్యాసి పీత ఉన్న గుల్ల కాబట్టి పీత దాన్ని మోసుకొచ్చి ఉండొచ్చు, అది కూడా చీటీలో రాయాలి.

ఒంగోలు_టు_కొల్లం
పొద్దున్నే ఆరింటికి మావారిని వెంటబెట్టుకొని వెళ్లా. ఆ బోటు స్రాంక్ దొరికాడు, ఇక్కడ బోటు నడిపేవాళ్లని అలా అంటారు.

హార్బర్_రాజు
మా దగ్గర సరంగు. ఒకటే మాట.

ఒంగోలు_టు_కొల్లం
అవునా! ఆయన నవ్వి బారలే అన్నాడు. వల 160 నుంచి 180 బారల మధ్య మూడు గంటలు లాగారట. జీపీఎస్ తెర మీద వల వేసిన చోటు, ఎత్తిన చోటు చూపించాడు, రెండూ రాసుకున్నా. గుల్ల కోసం ఇంత దూరం వచ్చి ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్లని ఎప్పుడూ చూడలేదన్నాడు. చీటీ ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి:

జెమ్యులా, జాతి తేలలేదు. కుటుంబం టురిడే. కొల్లం తీరానికి పడమర, అరేబియా సముద్రం. ట్రాల్ వల, 160–180 బారలు, అంటే సుమారు 290–330 మీటర్లు. పొడవు 62 మి.మీ., మొన విరిగింది. సన్యాసి పీత ఉన్న ఖాళీ గుల్ల. వల వేసిన చోటు, ఎత్తిన చోటు వెనక ఉన్నాయి.

భీమిలి_మాస్టారు
నా విద్యార్థుల్లో ఇలాంటి చీటీ రాసినవాళ్లు చాలా తక్కువ. తేదీ కూడా వేయమ్మా.

డల్లాస్_శ్రీను
నా గుల్ల చీటీ మీద జాతి పేరు కొట్టేశా. "ఆసియా" మాత్రం ఉంచా, ఉన్నది అదొక్కటే కాబట్టి.

ఒంగోలు_టు_కొల్లం
తేదీ వేశాను మాస్టారూ. ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయా. ఇలాంటివి మళ్లీ పడితే పక్కన పెట్టమని స్రాంక్‌ని అడిగా. జూన్ 9 అర్ధరాత్రి నుంచి ఇక్కడ ట్రాలింగ్ నిషేధం, ఆలోపు ఇంకో రెండు ట్రిప్పులు ఉన్నాయన్నాడు.

ఒంగోలు_టు_కొల్లం
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. సాయంత్రం స్రాంక్ ఫోన్ చేశాడు, ఐస్ డబ్బాలో మూడు గుల్లలు దాచి ఉంచాడు. రెండింటికి మొన బాగానే ఉంది. ఒకదానికి నోటికి గోధుమరంగు మూత బిగించి ఉంది, లోపల నత్త ఉన్నట్టే ఉంది! పూసల మీదే గాటు. రమ గారూ, ఇప్పుడేం చేయాలి?

రాడ్యులా_రమ
మూత ఉందా!! చేతులు వణుకుతున్నాయి. ఉడకబెట్టొద్దు, ఉప్పు వేయొద్దు, ఫార్మలిన్ అసలే వద్దు, డీఎన్‌ఏ పాడైపోతుంది. ప్లాస్టిక్ కవర్లో చీటీతో సహా పెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. ఈ నత్తలు లోపలికి బాగా ముడుచుకుపోతాయి. గుల్ల పగలకుండా బయటికి తీయాలంటే కొన్ని సెకన్లు మైక్రోవేవ్‌లో పెట్టే పద్ధతి ఒకటుంది, కానీ మీరు చేయకండి. ఆదివారం ఆల్కహాల్ సీసా తీసుకొని నేనే రైల్లో వస్తా.

కాకినాడ_గొట్టంకాజా
ఫ్రీజర్‌లో కవర్ మీద పేరు రాయండి అక్కా, అత్తయ్య గారు ఇగురు చేసేయగలరు.

ఒంగోలు_టు_కొల్లం
కవర్ మీద రాసింది అత్తయ్యే. తనూ ఆదివారం కోసమే చూస్తోంది.